ఏడుపు బొమ్మ నొక్కిన ఐదుగురు

"అందరూ కళ్ళు మూసుకోండి," అన్నాడతను.

"మరి ఫోన్లు ఎవరెత్తుతారు?" అంది ఆమె.

వాళ్ళ పరిచయం అలా మొదలైంది. ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోకముందే ఒక మాట, దానికో ఎదురుమాట.

అది బట్టలుతికే మెషీన్లు తయారుచేసే కంపెనీ. అందులో మూడో అంతస్తులో ఫిర్యాదుల సెక్షన్. పొడుగాటి హాలు, రెండు వరసల కుర్చీలు, తలకో హెడ్‌ఫోను. నీళ్ళు కారుతున్నాయని, డ్రమ్ము తిరగడం లేదని, కొత్త చొక్కా పీలికలై బయటికొచ్చిందని పొద్దుటినించి సాయంత్రం దాకా జనం ఫోన్ చేసి తిడుతూనే ఉంటారు. ఆ తిట్లు వినడానికి పదకొండు మంది ఉన్నారు. వాళ్ళకి లీడరు ఆమె. లీడరంటే పెద్ద హోదా ఏమీ కాదు. పదకొండు మందీ తినగా మిగిలిన తిట్లు తినే ఉద్యోగం.

ఇక అతను వచ్చింది ఊపిరి పీల్చడం నేర్పడానికి. పుట్టగానే అందరికీ వచ్చేసే విద్యకి మళ్ళీ మాస్టారెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. పై అంతస్తువాళ్ళకి అనిపించలేదు. ఉద్యోగుల మనశ్శాంతి పెరిగితే పని పెరుగుతుందని ఎక్కడో విని వచ్చి, అతన్ని పెట్టుకున్నారు. సెక్షన్లో వాళ్ళు మొదటి రోజే అతనికి ఊపిరి మాస్టారని పేరు పెట్టేశారు.

"పది నిమిషాలేనండీ. అంతమాత్రానికి కొంపలేం మునగవు," అన్నాడు ఊపిరి మాస్టారు.

"మునుగుతాయండీ. మాకొచ్చే ఫిర్యాదుల్లో సగం అవే. మెషీన్ లీకై ఇల్లంతా నీళ్ళని."

హాలంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది అతనే. తన మీద పడ్డ జోకుకి తనే ముందుగా నవ్వే మనిషిని ఆమె ఆ ఆఫీసులో అంతవరకూ చూడలేదు. చివరికి ఆమే ఒక దారి చూపింది. సగం మంది కళ్ళు మూసుకుంటే మిగతా సగం ఫోన్లెత్తాలి, తర్వాత వాళ్ళూ వీళ్ళూ మారాలి.

"లీడరంటే ఇలా ఉండాలి," అన్నాడతను.

"మాస్టారంటే ఇలా ఉండకూడదు. ముందు హాలెలా ఉందో చూసుకుని తర్వాత పాఠం మొదలెట్టాలి," అంది ఆమె.

వారం తర్వాత ఒక కాగితం ఊపుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశారా? మీ సెక్షన్లో నూటికి తొంభై ఎనిమిది మంది సంతోషంగా ఉన్నారు!"

"పదకొండు మందిలో తొంభై ఎనిమిదా? అయితే తప్పకుండా సంతోషించాల్సిందే."

అతను వచ్చాక కొత్తగా పెట్టిన పద్ధతి ఒకటుంది. పొద్దున కంప్యూటర్ తెరవగానే 'ఈ రోజు మీ మనసెలా ఉంది?' అని అడుగుతుంది. కింద మూడు బొమ్మలు. నవ్వు మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం. ఏదో ఒకటి నొక్కితేనే పని మొదలవుతుంది.

"మీరెప్పుడైనా ఏడుపు బొమ్మ నొక్కారా?" అని అడిగింది.

"నాకేం బాధ? నేనెందుకు నొక్కుతాను?"

"ఒకసారి నొక్కండి."

ఆమె కుర్చీలో కూర్చుని నొక్కాడు. 'మీ బాధకి కారణం రాయండి' అని ఒక పెట్టె తెరుచుకుంది. రాయకపోతే మూసుకోదు. తడుముకుంటూ ఏదో రాసి తలెత్తేసరికి ఆమె గడియారం చూపించింది.

"రెండు నిమిషాల పది సెకన్లు. అంతసేపూ ఫోన్ ఎత్తనట్టే కదా, ఆలస్యం కింద మార్కులు కోసేస్తారు. అందుకే అందరూ నవ్వు బొమ్మ నొక్కుతున్నారు. ఇక్కడ ఏడవడానికి కూడా తీరిక ఉండాలండీ."

అతని చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో కాగితం మడుచుకుని వెళ్ళిపోయాడు. కోపమొచ్చిందేమోనని ఆమె ఆ సాయంత్రమంతా కొంచెం బాధపడింది. ఎందుకు బాధపడుతున్నానా అని ఇంకొంచెం బాధపడింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. "పైవాళ్ళతో పోట్లాడి వచ్చాను. ఇకనించి ఆ టైము మార్కుల్లో కలపరు," అన్నాడు.

"పోట్లాడారా? మీరా?"

"కాళ్ళు వణికాయి. కానీ పోట్లాడాను."

ఆమె ఆ మాటకి పడిపోయింది. పోట్లాడినందుకు కాదు, కాళ్ళు వణికాయని ఒప్పుకున్నందుకు. భయాన్ని ఒప్పుకునేవాడు ఏదీ దాచడని అనుకుంది. పాపం, ఆ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. బస్టాపు రేకు కింద అందరూ ఇరుక్కుని నిలబడ్డారు. అతని దగ్గర గొడుగుంది. ఆమె దగ్గర లేదు. ఆ గొడుగుకి ఒక ఊచ విరిగి, అటువైపు బట్ట చెవిలా వేలాడుతోంది.

"రండి, పై వీధి దాకా దింపుతాను," అన్నాడు.

"ఆ గొడుగులోనా? నేను వానలోనే పొడిగా ఉంటానేమో."

అయినా వెళ్ళింది. విరిగినవైపు అతను నడిచాడు. అతని భుజం పూర్తిగా తడిసిపోతోంది. ఆమె కొంచెం దగ్గరికి జరిగింది. అతను చూడనట్టు చూశాడు, ఆమె చూసినా చూడనట్టు నడిచింది.

"ఒక సాయం చెయ్యాలి మీరు," అన్నాడు మలుపు దగ్గర. "మార్కులు కొయ్యడం మానేసినా మీవాళ్ళు నవ్వు బొమ్మే నొక్కుతున్నారు. నన్ను నమ్మరు. మిమ్మల్ని నమ్ముతారు. నిజం నొక్కమని మీరు చెప్పండి. ఎక్కడ నొప్పో తెలిస్తే కదా నేను ఏదైనా చెయ్యగలిగేది."

"పేర్లు బయటపడితే?"

"నాకు తప్ప ఎవరికీ కనబడవు."

"ఒట్టా?"

"ఒట్టు."

ఆ ఒట్టు వేసినప్పుడు అతను అబద్ధమాడలేదు. అది ఒప్పుకోవాలి. తడిసిన భుజంతో, వణుకుతున్న పళ్ళతో, మనసారా వేశాడు.

మర్నాడు ఆమె పదకొండు మందినీ చుట్టూ నిలబెట్టుకుంది. "ఇవాళ్టినించి నిజం నొక్కండి. ఎవరికీ ఏమీ కాదు. పూచీ నాది," అంది.

అందరూ మొహాలు చూసుకున్నారు. ముందుగా పెద్దాయన తలూపాడు. సెక్షన్లో అందరికంటే పాతమనిషి ఆయన. ఇరవై ఆరేళ్ళుగా తిట్లు వింటున్నాడు. ఎంత కోపంగా ఫోన్ చేసినవాళ్ళయినా ఆయన గొంతు విని రెండు నిమిషాల్లో చల్లబడి, చివరికి ఆయన ఆరోగ్యం అడిగి ఫోన్ పెట్టేస్తారు. ఆమెకి పని నేర్పింది ఆయనే. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

"నీ మాట మీద నొక్కుతున్నానమ్మా," అన్నాడు పెద్దాయన. ఏడుపు బొమ్మ నొక్కి, రెండు వేళ్ళతో టైపు చేశాడు. 'మా ఆవిడకి వారానికి రెండుసార్లు ఆస్పత్రి. నిద్ర లేదు. ఎవరైనా గట్టిగా అరిస్తే ఈమధ్య చెయ్యి వణుకుతోంది.'

ఆయన తర్వాత ఇంకో నలుగురు నొక్కారు. కొత్తగా తల్లయిన అమ్మాయి, నడుంనొప్పి మనిషి, ఇంకో ఇద్దరు. మొత్తం ఐదుగురు.

నిజం చెప్పాలంటే మొదట్లో అంతా బాగానే జరిగింది. పేర్లు పైకి వెళ్ళకుండా సెక్షన్లోనే సర్దుబాట్లు చేశారు. నడుంనొప్పి మనిషికి వేరే కుర్చీ వచ్చింది. బాలింత అమ్మాయికి మధ్యలో ఇంకో విరామం ఇచ్చారు. పెద్దాయనకి ఆస్పత్రి రోజుల్లో మధ్యాహ్నం వెళ్ళిపోయే వీలు కల్పించారు. పెద్దాయన ఆమె తలమీద చెయ్యి పెట్టి, "లీడరంటే నువ్వమ్మా," అన్నాడు. ఆమెకి ఆ పూట అన్నం కూడా అక్కర్లేకపోయింది.

మీరు కాస్తా నువ్వయిందీ అప్పుడే.

"నీకో విషయం చెప్పాలి," అన్నాడతను ఒక మధ్యాహ్నం, మెట్ల దగ్గర.

"చెప్పు."

"ముందు కళ్ళు మూసుకో."

"ఫోన్లు ఎవరు..."

"ఒక్కసారి ఫోన్లు మరిచిపోవే తల్లీ! నిన్ను పెళ్ళి చేసుకోవాలనుంది."

ఆమె కళ్ళు మూసుకోలేదు. పెద్దవి చేసుకుని చూసింది. "ఇంత చిన్న మాటకి కళ్ళెందుకు మూసుకోవాలి?" అంది. కిందికి దిగుతూ రెండు మెట్లు తప్పింది. అతను చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ చెయ్యి కింది అంతస్తు దాకా వదల్లేదు.

ఇంతవరకూ ఇది మంచి ప్రేమకథ. ఇక్కడ ఆపేస్తే అందరికీ హాయిగా ఉండేది.

శుక్రవారం నాటి సంగతి. ఎల్లుండి ఆదివారం అతని అమ్మ పెళ్ళి మాటలకి ఆమె ఇంటికి వస్తుందని అప్పటికే అనుకున్నారు. ఆ సాయంత్రం ఆఫీసు వదిలాక ఇద్దరూ గేటు దాకా నడుస్తున్నారు.

"బాబాయ్ ఒక మాట అడిగాడు," అంది ఆమె. "కింద బిల్లుల సెక్షన్లో ఖాళీలున్నాయి కదా, దరఖాస్తు పెట్టనా అంటున్నాడు. రేపే ఆఖరు రోజు. అక్కడ ఫోన్లుండవు, అరుపులుండవు. కానీ ఆయన వెళ్ళిపోతే మాకు పెద్దదిక్కు పోతుంది. నువ్వేమంటావు? పైవాళ్ళతో తిరుగుతుంటావుగా, ఈ సెక్షన్లో ఏమైనా మార్పులున్నాయా?"

అతను వంగి బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"నాకేం తెలుస్తుంది? లీడరువి నువ్వు. నీకెలా తోస్తే అలా చెప్పు."

తన మాటకి విలువిస్తున్నాడనుకుని ఆమె పొంగిపోయింది. ఇంటికెళ్ళాక పెద్దాయనకి ఫోన్ చేసింది. "ఎక్కడికీ వెళ్ళకండి బాబాయ్. ఇక్కడే బాగుంది, నేనున్నానుగా," అంది.

"సరేనమ్మా. నువ్వుండగా నాకేం," అన్నాడాయన.

ఆదివారం అతను, అతని అమ్మ వచ్చారు. రెండు గదుల ఇల్లు. ఉన్న నాలుగు కుర్చీల్లో ఒకదానికి కాలు ఊగుతుందని దాన్ని ఆమె తీసుకుంది. టీ, బిస్కెట్లు, మాటలు.

"మావాడు చిన్నప్పుడు ఒక్క నిమిషం కుదురుగా కూర్చునేవాడు కాదండీ. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళందర్నీ కూర్చోబెడుతున్నాడు," అంది అతని అమ్మ.

"మా పిల్లకి నోరెక్కువండీ, ముందే చెప్తున్నాను. మనసు మాత్రం వెన్న," అంది ఆమె అమ్మ.

"నోరుండాలి. మావాడికి బొత్తిగా లేదు. ఇంట్లో ఒకళ్ళకైనా ఉండాలిగా."

అందరూ నవ్వారు. అతను మాత్రం చేతిలో టీ చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాడు. సిగ్గు పడుతున్నాడనుకున్నారు పెద్దవాళ్ళు. వెళ్ళేముందు అతని అమ్మ ఆమె గడ్డం పట్టుకుని, "నా ఇంటికి త్వరగా వచ్చెయ్యి తల్లీ," అంది. ఆమెకి కళ్ళు చెమర్చాయి.

సోమవారం పొద్దున ఆమె సెక్షనంతా చాక్లెట్లు పంచింది. పదకొండు గంటలకి మేనేజరు పిలిచాడు. బల్లమీద ఐదు కవర్లున్నాయి.

"ఇకనించి సగం ఫోన్లకి కంప్యూటరే జవాబు చెప్తుందమ్మా. ఐదుగుర్ని తగ్గించాలి. లీడరువి కాబట్టి నువ్వు చెప్తేనే బాగుంటుంది. మెల్లగా, ప్రేమగా చెప్పాలి. మన కంపెనీ పద్ధతి అది."

కవర్ల మీద పేర్లు చూసింది. మొదటిది పెద్దాయనది. తర్వాత బాలింత అమ్మాయి. నడుంనొప్పి మనిషి. ఆ ఇద్దరు. 

"ఈ ఐదుగురే ఎందుకు సార్?"

"ఒత్తిడి తట్టుకోలేనివాళ్ళు కదమ్మా. వాళ్ళంతట వాళ్ళే చెప్పుకున్నారు. మనమేం ఊహించింది కాదు. పాపం, వాళ్ళకీ విశ్రాంతి దొరుకుతుంది."

"బాబాయ్‌ని... పెద్దాయన్ని బిల్లుల సెక్షన్‌కి..."

"దరఖాస్తులు శనివారంతో అయిపోయాయమ్మా. ముందే పెట్టుకుని ఉంటే తీసుకునేవాళ్ళే. అంత అనుభవం ఎవరికుంది?" అంటూ మేనేజరు ఒక కాగితం చేతికిచ్చాడు. "ఇది చదువుకుని వెళ్ళు. ఎలా చెప్పాలో అందులో ఉంది."

చదివింది. 'చెడ్డ కబురు చెప్పేముందు మూడుసార్లు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. ఎదుటివారి బాధని గౌరవించండి. కారణాల జోలికి వెళ్ళకండి. తొందరగా ముగించకండి.' చివర సంతకం. ఆ సంతకం ఆమెకి బాగా తెలుసు. సంతకం కింద తేదీ శుక్రవారానిది.

శుక్రవారం. అంటే బూటు తాడు కట్టుకున్న రోజు.

ఆ కాగితాన్ని అక్కడే వదిలేసి కవర్లు తీసుకుని బయటికొచ్చింది. ఒక్కొక్కళ్ళనీ పక్కగదిలోకి పిలిచి చెప్పింది. ఊపిరి లెక్కపెట్టుకోలేదు. "మీరు నిజం రాసినందుకు తీసేస్తున్నారు. రాయమన్నది నేను," అని సూటిగా చెప్పింది. నడుంనొప్పి మనిషి నోటికొచ్చినట్టు తిట్టాడు. బాలింత అమ్మాయి, "మీరు పూచీ అన్నారు కదా మేడమ్," అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. తిట్లు వినడం ఆమెకి అలవాటే. ఆ ఒక్క మాటని వినడం మాత్రం అలవాటు లేదు.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరం రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నన్ను తిట్టండి బాబాయ్. దరఖాస్తు పెట్టొద్దన్నది కూడా నేనే."

"నీకు తెలిస్తే చెప్పేదానివేగా. తెలియకపోతే నువ్వేం చేస్తావు?" అన్నాడు పెద్దాయన. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సర్దుకుని, ఫోన్లో కోపగించుకున్నవాళ్ళతో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు. "పొద్దున నువ్విచ్చిన చాక్లెట్ మా ఆవిడకి దాచాను. ఇద్దరూ చల్లగా ఉండండమ్మా. మాస్టారు మంచివాడు."

ఆ దీవెన ఆమె జన్మలో మర్చిపోదు. అంతకంటే చెంపమీద కొట్టినా బాగుండేది.

అతను పాఠాల గదిలో ఒక్కడే ఉన్నాడు. చాపలు చుడుతున్నాడు. ఆమెని చూడగానే మొహం పాలిపోయింది.

"పేర్లు నువ్విచ్చావా?"

"బుధవారం అడిగారు. వాళ్ళని ప్రత్యేకంగా చూసుకుంటాం, సెలవులిస్తాం అన్నారు. నమ్మాను. మంచికే అనుకుని ఇచ్చాను. నీ మీదొట్టు."

"ఒట్టు వద్దు. అసలు సంగతి ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారం పొద్దున. గొడవ పడ్డాను. వినలేదు. కనీసం చెప్పేదైనా సరిగ్గా చెప్పాలని ఆ కాగితం రాసిచ్చాను."

"సాయంత్రం నేను బాబాయ్ సంగతి అడిగాను."

అతను తల దించుకున్నాడు.

"అడిగానా లేదా?"

"అడిగావు. రెండు రోజుల్లో అమ్మ మీ ఇంటికి వస్తోంది. అప్పుడు చెప్తే నన్ను గుమ్మం ఎక్కనిచ్చేదానివా?"

"ఎక్కనిచ్చేదాన్ని కాదు. పోట్లాడేదాన్ని. నెలరోజులు మాట్లాడేదాన్ని కాదు. తర్వాత క్షమించేదాన్ని. శనివారం బాబాయ్ దరఖాస్తు పెట్టుకునేవాడు. మోసపోయి పేర్లిచ్చావు, సరే, నేనూ మోసపోయాను. కానీ నోరు మూసుకున్నది మోసపోయి కాదు కదా!"

"నిన్ను పోగొట్టుకుంటానని భయం వేసింది. అంత ప్రేమ నాకు నువ్వంటే. ఈ ఉద్యోగం ఇవాళే వదిలేస్తాను. చాలా?"

"వదిలేస్తే ఆ ఐదుగురూ వెనక్కి వస్తారా?"

కిటికీ అవతల వాన మొదలైంది. ఆమె గోడకి ఆనుకుని ఏడ్చింది. అతని మీద కోపంతోనే కాదు, ఇంత జరిగాక కూడా అతను దగ్గరికొచ్చి కళ్ళు తుడిస్తే బాగుండుననిపిస్తున్నందుకు ఏడ్చింది. అతను ఒక అడుగు వేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వంటే నాకు ఇష్టం పోలేదు. పోయుంటే తేలికయ్యేది," అంది. "కానీ రేపు నేనేదైనా అడిగితే, నువ్వు చెప్పేది నిజమో, నన్ను పోగొట్టుకోకూడదని దాచిందో నాకెలా తెలుస్తుంది? జన్మంతా నీ మొహంలోకి చూసి వెతుక్కుంటూ ఉండాలా? నావల్ల కాదు. పెళ్ళి వద్దు."

 పక్క హాల్లో ఫోన్లు మోగుతున్నాయి. ఎత్తేవాళ్ళు ఆరుగురే.

"మీ అమ్మగారికి ఇవాళ చెప్పెయ్యి," అంది ఆమె కళ్ళు తుడుచుకుని.

అతను ఉలిక్కిపడ్డాడు. "ఇవాళేనా? నిన్ననేగా అంత సంతోషంగా వచ్చింది. అందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంటోంది. రెండు రోజులాగుదాం. మెల్లగా నేనే చెప్తాను. మంచి సమయం చూసి..."

ఆమె అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. అతను మాట మధ్యలో ఆపేశాడు. తనేమన్నాడో అప్పుడు తెలిసినట్టుంది.

ఆమె తన ఫోన్ తీసి, నిన్ననే రాసుకున్న నంబరు నొక్కింది. రెండు రింగులకే ఎత్తారు. అవతలినించి ఆ నవ్వుగొంతు, "ఏం తల్లీ, అప్పుడే అత్తింటి మీద బెంగా?" అంది.

అత్తయ్యా అని రాబోయిన మాటని ఆమె మింగేసింది.

"అమ్మగారూ, మీకొక మాట చెప్పాలి," అంది. "కొంచెం కూర్చుంటారా?"